మరమరాలు ఆగిన చోటు

ప్యాకెట్ కత్తిరించి మరమరాలు స్టీలు గిన్నెలో పోస్తే ఒక చప్పుడు వస్తుంది. పొడిపొడిగా, తేలిగ్గా, ఎక్కడో సన్నని వాన మొదలైనట్టు. ఆ చప్పుడు వింటే చాలామందికి ఉల్లిపాయ ముక్కలూ నిమ్మరసమూ గుర్తొస్తాయి. నాకు మాత్రం గాలి ఎటు వీస్తోందో చూడాలనిపిస్తుంది. నిన్న సాయంత్రం అదే అయింది. కిటికీ అవతల కొండలు పొగలో కలిసిపోయాయి. నాలుగు గంటలకే సూర్యుడు పండిన బొప్పాయి రంగుకు తిరిగాడు. ఈత క్లాసు నుంచి వచ్చిన మా అమ్మాయి ఆకలి అంటే గిన్నె తీశాను. కానీ చేతిలో గిన్నెతో వంటగట్టు దగ్గరికి వెళ్ళకుండా వెనక తలుపు తీశాను. "అమ్మా, ఆర్ వీ ఈటింగ్ ఇట్ ఆర్ టెస్టింగ్ ఇట్?" అంది మా అమ్మాయి. సిగ్గుపడి వెనక్కొచ్చి ఉల్లిపాయ తరిగాను. తరుగుతున్నంతసేపూ కాళ్ళు నిలవలేదు. కార్చిచ్చుల పొగ కాలం వచ్చిందంటే నాకు ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. లేచి ఇంటి చుట్టూ తిరుగుతాను, వచ్చి కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. ఈ రోగం నాకు అంటించిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

ఆమె పేరు రూతమ్మ. నరసాపురం దగ్గర పుట్టి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు అక్కడే ప్రభుత్వోద్యోగం చేసి, తర్వాత కెనడా వచ్చారు. బ్రిటిష్ కొలంబియా లోపలి లోయలో, వాంకూవర్‌కి నాలుగు గంటల దూరంలో ఉన్న మా పట్టణంలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు పెట్టుకున్నారు. ఆఫీసంటే రెండు గదులు, ఒక ప్రింటరు, గోడకు లోయ మ్యాపు. నేను కరీంనగర్ నుంచి వచ్చినదాన్ని. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివి, ఈ దేశానికొచ్చి తూర్పున వాన్ అనే ఊళ్ళో ఒక గోడౌన్‌లో రెండేళ్ళు డబ్బాలు స్కాన్ చేశాను. మా ఆయన కిరణ్‌కి ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం దొరికాక, కాస్త చోటున్న ఇల్లు కావాలని ఈ లోయకి వచ్చాం. నా డిగ్రీకి ఇక్కడ విలువ కట్టే పని అప్పటికింకా నడుస్తూనే ఉంది. ఆ రోజుల్లో రూతమ్మ గారి ఆఫీసు తలుపు తట్టాను.

ఇంటర్వ్యూలో ఆమె నా డ్రాయింగులు చూడనేలేదు. కారెక్కమన్నారు. కొండవాలు మీద అప్పుడే కట్టడం పూర్తవుతున్న ఒక ఇంటి ముందు ఆపారు. చుట్టూ పైన్ చెట్లు, కింద ఎండు సూదులాకులు మెత్తగా పరుచుకుని ఉన్నాయి.

"ఏమ్మా, గాలి ఎటుందో చెప్పగలవా?" అన్నారు.

నేను ఫోన్ తీశాను. "చూసి చెప్తానండి."

"ఫోన్లో ఉండేది ఎయిర్‌పోర్టు గాలమ్మా. ఈ గుమ్మం దగ్గర గాలి సంగతి చెప్పు."

చెప్పలేకపోయాను. ఆమె డిక్కీ తెరిచి పెద్ద మరమరాల సంచీ తీసి నా చేతిలో పెట్టారు. ఇంటికి గాలి తగిలే వైపు నిలబడి గుప్పెళ్ళతో ఎగరేయమన్నారు. ఎగరేశాను. ఉద్యోగం కోసం వచ్చి ఇదేం పని అనుకుంటూ అరసంచీ ఖాళీ చేశాను. తర్వాత ఇద్దరం వంగి, మోకాళ్ళ మీద పాకి, అవి ఎక్కడ ఆగాయో వెతికాం. మెట్ల మూలలో కుప్పగా చేరాయి. చెక్క అరుగులాంటి డెక్ పలకల సందుల్లో ఇరుక్కున్నాయి. చూరు కింద గాలి ఆడటానికి వదిలిన కన్నంలోకి రెండు దూరాయి. ఆమె ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టారు. వడ్రంగులు నవ్వుకుంటూ కాఫీ తాగుతున్నారు. ఆమె పట్టించుకోలేదు.

"కార్చిచ్చు అంటే మంట గోడలా నడిచొస్తుందనుకుంటారు అందరూ. చాలా ఇళ్ళకి అది ఎగిరొస్తుందమ్మా. మైలు దూరంలో చెట్టు అంటుకుంటే ఇక్కడ నిప్పురవ్వ పడుతుంది. మరమరం ఆగిన చోటే రవ్వా ఆగుతుంది. అక్కడ కాలే వస్తువేమైనా ఉందా, లేదా? మన ఉద్యోగం ఆ ఒక్క ప్రశ్నే" అన్నారు. మిగిలిన మరమరాలు పిట్టలకి వదిలేసి, సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆమెతో పని చేయడం సుఖంగా ఉండేది కాదు. ఆమెకి నిలకడ లేదు. భోజనానికి కూర్చున్నా కళ్ళు కిటికీ మీదే ఉండేవి. ఎవరింటికి వెళ్ళినా ముందు గుమ్మంలోంచి లోపలికి కాదు, ఇంటి పక్కకి నడిచేవారు. రేకుల కప్పు, గోడలకు సిమెంటు పలకలు, గాలి కన్నాలకు సన్నని ఇనుప జాలీ, రెండు పొరల గట్టి అద్దాలు, ఇంటి చుట్టూ ఐదడుగుల మేర కంకర తప్ప ఇంకేదీ లేని నేల, ఇవి ఆమె ప్లాన్లన్నిటిలో ఉండేవి. ప్లాను గీయడం తేలికేననీ, అందులో మనుషులు కాపురం పెట్టాకే అసలు బాధ మొదలవుతుందనీ అనేవారు. అందుకే తాళాలిచ్చాక కూడా ఒకసారి ఇంటి చుట్టూ తిరిగి రావడం ఆమె నియమం.

ఆ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకరోజు సైటు నుంచి తిరిగొస్తూ కారులో చెప్పారు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ పేటలో అన్నీ తాటాకిళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం ఒకచోట అంటుకుంటే వరస మొత్తం పోయేది. ఒకసారి నాలుగిళ్ళ అవతల మంట లేచింది. ఆమె తల్లి నిచ్చెన వేసుకుని కప్పు మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించింది. పిల్లలంతా నీళ్ళు అందించారు.

"అందరం కప్పుకేసే చూస్తున్నామమ్మా. కప్పు తడిసి ముద్దయిపోయింది. రవ్వ వచ్చి గోడ పక్కనున్న పిడకల గూటిలో పడింది. కిందకి ఎవరు చూశారు?" అన్నారు.

"పిడకలు తీసేయమని ఎవరూ చెప్పలేదా అండీ?"

"పక్కింటి ముసలాయన ముందురోజే చెబుదామనుకున్నాడంట. ఆ రోజు మా అక్కకి పెళ్ళిచూపులు. శుభమా అని జనం వస్తుంటే నిప్పు మాటెందుకులే అని ఊరుకున్నాడంట." ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఇంకో మాట అన్నారు. "మంచోడే. చచ్చేదాకా మా అమ్మ కంటపడకుండా తప్పుకుని తిరిగాడు."

ఈ కథ విని కూడా నేను అదే పని చేశాను. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

శ్రీధర్, మాధవి హైదరాబాద్ వాళ్ళు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఒక్కతే కూతురు. దేశానికి తూర్పు వైపున్న బ్రాంప్టన్‌లో ఏళ్ళ తరబడి బేస్‌మెంట్‌లో అద్దెకుండి, విసిగిపోయి ఈ లోయకి వచ్చి స్థలం కొనుక్కున్నారు. ఆ ఇల్లు రూతమ్మ గారు పూర్తిగా నాకే అప్పగించారు. నేను గీసిన మొదటి ఇల్లు అది. తూర్పు గుమ్మం కోసం మెట్లు మూడుసార్లు మార్చాను. కిటికీలోంచి చెట్టు కనిపించాలని మాధవి ఎన్నిసార్లు అడిగిందో! నేల మట్టంలో కిటికీ ఉన్న గదిలో బతికిన మనిషి కోరిక అది, కాదనడం నావల్ల కాలేదు. ఇంటి చుట్టూ కంకరేంటి, పువ్వులుండాలి కదా అని అలిగింది. చివరికి ఒప్పుకుంది.

గృహప్రవేశం జూన్‌లో పెట్టుకున్నారు. పంతులుగారు వాంకూవర్ వైపు నుంచి వచ్చారు. హోమం పొగకు అలారం మోగకుండా శ్రీధర్ దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగాడు. ఎలక్ట్రిక్ స్టవ్ మీద పాలు పొంగడానికి అరగంట పట్టింది. అందరూ చుట్టూ నిలబడి ఆ గిన్నెకేసి చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు. రూతమ్మ గారికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. చేతికర్ర పట్టుకుని వచ్చి, హాల్లో కుర్చీలో కూర్చుని నాకేసి చూశారు. ఏం చెప్తున్నారో తెలుసు. బయటికెళ్ళాను.

తూర్పు గుమ్మం పక్కన కొత్త చెక్క స్టాండు, దాని నిండా వచ్చినవాళ్ళ చెప్పులు, ముందు మందపాటి కొబ్బరిపీచు పట్టా. డెక్ కింద సామాన్లు తెచ్చిన అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఉత్తరం వైపు, తూర్పు వైపు నేను కొలిచి పరిపించిన కంకర కనపడనేలేదు. దాని మీద చెట్టుబెరడు ముక్కలు దట్టంగా పోయించి, బంతి మొక్కలు పెట్టారు. అట్టపెట్టెల సందులో ఎండు సూదులాకులు అప్పుడే చేరుతున్నాయి.

వెనక నుంచి మాధవి వచ్చింది. పట్టుచీరలో చెమటలు కక్కుతూ, మొహమంతా నవ్వు. "అక్కా, ఫొటోలకని వారంలో వేయించిన. ఎట్లుంది? మంచిగుంది కదా?" అంది.

ఆ నవ్వు చూశాను. కొత్తింట్లో, పాలు పొంగిన రోజు, ఇల్లు కాలిపోతుందన్న మాట ఎలా ఎత్తను? ఏ తెలుగింట్లో ఎవరెత్తుతారు? "మస్తుంది" అన్నాను.

లోపలికెళ్ళాను. రూతమ్మ గారు తల పైకెత్తారు. "చుట్టూ తిరిగొచ్చావా?"

"వచ్చినండి."

"అంతా బాగుందా?"

"బాగుందండి."

ఆమె తల ఊపి, కర్ర పక్కన పెట్టి, విస్తరి ముందుకు జరుపుకున్నారు. నా మాట మీద ఆమె నిశ్చింతగా భోంచేయడం అదే మొదటిసారి.

వారం పోనిచ్చి ఫోన్ చేద్దామనుకున్నాను. వారం పోయాక వాళ్ళ చుట్టాలున్నారని ఆగాను. తర్వాత ఇంత ఆలస్యంగా చెప్తే ముందే ఎందుకు చెప్పలేదంటారని ఆగాను. రోజూ అనుకోవడం, రోజూ మానేయడం. జూలై అంతా నిద్రలేచింది మొదలు ఆ అట్టపెట్టెలే కళ్ళ ముందు. కిరణ్ ఏమైందని అడిగితే ఎండ అన్నాను.

ఆగస్టులో పిడుగు పడి అవతలి కొండ అంటుకుంది. మూడో రోజుకి మా వైపు ఇళ్ళకి అలర్ట్ వచ్చింది. అంటే సామాను సర్దుకుని సిద్ధంగా ఉండమని. ఆర్డర్ వస్తే మాత్రం ఉన్నపళంగా వెళ్ళిపోవాలి. ఆఫీసుకు వెళ్ళేసరికి రూతమ్మ గారు గోడ మ్యాపు ముందు నిలబడి మేం కట్టించిన ఇళ్ళని ఒక్కొక్కటీ చూస్తున్నారు. ఎవరెవరికి ఫోన్ చేయాలో రాసుకుంటున్నారు.

"శ్రీధర్ గారింటికి అక్కర్లేదులే. నువ్వు చూశావుగా" అన్నారు.

చెప్పేశాను. చెప్పుల స్టాండు, పట్టా, పెట్టెలు, బెరడు, అన్నీ. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదన్నాను. ఆమె కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"వాళ్ళెక్కడున్నారు?"

"బ్రాంప్టన్ల. పెండ్లికి పోయిన్రు."

"ఫోన్ కలుపు. తర్వాత కారు తియ్యి."

శ్రీధర్ గ్యారేజీ తలుపు తెరిచే నంబరు చెప్పాడు. వెనక నుంచి మాధవి ఏమైందని అడుగుతోంది. ఏం కాదులే, కొన్ని సామాన్లు లోపల పెడతాం అన్నాను. అప్పుడు కూడా అసలు సంగతి చెప్పలేదు.

ఆ ఇంటి దగ్గర ఆకాశం మట్టి రంగులో ఉంది. కారు అద్దాల మీద బూడిద పడుతోంది. పెట్టెలు గ్యారేజీలోకి మోశాను. స్టాండు ఈడ్చాను, పట్టా చుట్టి విసిరేశాను. పార తీసుకుని తూర్పు వైపు బెరడంతా లాగి దూరంగా పోశాను. బంతి మొక్కలు వేళ్ళతో సహా లేచొచ్చాయి. రూతమ్మ గారు కర్ర పారేసి, వంగలేని మోకాలితో నేల మీద చతికిలబడి, చేత్తో బెరడు ముక్కలు ఏరి బకెట్లో వేస్తున్నారు. మీరు లేవండని బతిమాలాను. ఆమె వినిపించుకోలేదు. ఇద్దరం గంటన్నర అలా తీస్తూనే ఉన్నాం. ఉత్తరం వైపు సగం కూడా కాకముందే పోలీసు కారు మైకులో అరుచుకుంటూ వచ్చింది. ఆర్డర్ వచ్చింది. వెళ్ళిపొమ్మన్నారు. ఆమెను లేవదీస్తుంటే మోకాలి దగ్గర చీర రక్తంతో తడిసి ఉంది.

పది రోజులు ఒక స్కూలు హాల్లో మడతమంచాల మీద గడిపాం. ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నేను హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. ఆ వీధిలో రెండిళ్ళు పోయాయని తెలిసింది కానీ ఏవో చెప్పలేదు. ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడేదాన్ని. మాధవి రోజుకు నాలుగుసార్లు మెసేజ్ పెట్టేది. జవాబు రాసి చెరిపేసేదాన్ని.

ఇల్లు నిలబడింది. ఉత్తరం వైపు మేం తీయలేకపోయిన బెరడు కాలి, గోడ పలకలు కిటికీ దాకా నల్లబడ్డాయి. అద్దం బయటి పొర పగిలింది, లోపలి పొర ఆగింది. ఆ కిటికీ వాళ్ళ కూతురి గదిది.

శ్రీధర్ వాళ్ళు తిరిగొచ్చాక సత్యనారాయణ వ్రతం చేసుకుని అందరినీ పిలిచారు. మాధవి నన్ను హాలు మధ్యకి లాక్కెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, "ఈ అక్క లేకుంటే మాకు ఇల్లు లేదు. ప్రాణాలకు తెగించి వచ్చి కాపాడింది" అని అందరికీ చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఎవరో ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టారు. రూతమ్మ గారు గోడవార కుర్చీలో ఉన్నారు. కళ్ళతో ఏ సైగా చేయలేదు. నాకేసి చూస్తున్నారు, అంతే. ఆ చూపులో కోపం ఉంటే నేను ఊరుకునేదాన్నేమో.

"మాధవీ, నేను గృహప్రవేశం రోజే చూసిన. ఆ పెట్టెలు, ఆ బెరడు అన్నీ. శుభకార్యం కదా అని నోరు మూసుకున్న. రెండు నెలలు చెప్పలే" అన్నాను.

మాధవి చేతులు వదిలేసింది. తర్వాత చాలా మెల్లగా అంది.

"ఆ రోజే చెప్తే నేను ఏడ్చేదాన్ని అక్కా. అంతే కదా అయ్యేది."

ఇన్నేళ్ళలో నాకు ఎవరూ ఇంత న్యాయమైన మాట అనలేదు. తిరుగుదారిలో నేను ఏడుస్తూ కారు నడిపాను. రూతమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "మన పనిలో తిట్లు తినడం కూడా ఒక భాగమమ్మా. జీతంలో అది కూడా కలిసే ఉంటుంది" అన్నారు. ముందురోజు దాకా ముభావంగా ఉన్న మనిషి, దారిలో ఆపి నాకు కాఫీ కొనిచ్చారు. మాధవి ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వసంతంలో ఒకరోజు, ఒక్క మాట కూడా లేకుండా, ఇంటికి నాలుగు వైపులా తీసిన ఫొటోలు పంపింది. ఇప్పుడు ఏటా పంపుతుంది.

నేను ఇప్పుడు గృహప్రవేశాలకి పెద్దగా అక్కరలేని అతిథిని. అక్షింతలు వేసే ముందే చూరు కింద ఏముందో చెప్పేస్తాను. కొందరు మొహం ముడుచుకుంటారు, ఒకావిడైతే నాకు తాంబూలం ఇవ్వడం కూడా మరచిపోయింది. కూర ఎట్లుందని కిరణ్ అడిగినా నాకు వెంటనే జవాబు రాదు. ఒక ముద్ద తిని, ఆలోచించి చెప్తాను. విసుక్కుంటాడు పాపం.

రూతమ్మ గారు రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో పోయారు. చివరిసారి ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళినప్పుడు చర్చి వాళ్ళు ఐదారుగురు మంచం చుట్టూ ఉన్నారు. బాగా తేరుకున్నారు ఆంటీ, ఎండలు వచ్చేసరికి లేచి తిరుగుతారు అంటున్నారు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆమె చెయ్యి దుప్పటి మీద ఎండుకొమ్మలా ఉంది. గొంతు కష్టంగా వచ్చింది.

"నువ్వు చెప్పమ్మా. ఎలా ఉన్నాను?"

ఇక ఎన్నో రోజులు లేవని నర్సు చెప్పాకే లోపలికి వచ్చాను. ఒకసారి కిటికీకేసి చూసి, మళ్ళీ ఆమెకేసి చూశాను.

"మంచిగ లేరండి" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకున్నారు. మొహంలో ఏదో బిగువు సడలింది. "ఆయ్" అన్నారు. "అందరూ వచ్చి బాగున్నానంటే, ఇంక ఎవరితో ఏం మాట్లాడనమ్మా? కుర్చీ లాక్కో. కాగితం ఉందా?"

ఎండలు ముదిరేలోపు పూర్తి కావాల్సిన ఇళ్ళు మూడున్నాయి. ఒకదాని జాలీ ఇంకా రాలేదని, ఒకదాని మెట్ల మూల తనకి నచ్చలేదని, మూడో ఇంటాయన మాట వినే రకం కాదని, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ గంటసేపు చెప్పారు. ఆ మూడో ఇంటాయన ఇప్పటికీ మాట వినడు, నేను ఇప్పటికీ నెలకోసారి వెళ్ళి తిట్లు తిని వస్తున్నాను. ఆ రోజు ఆమె ముందు నేను ఏడవలేదు. రాసుకోవాల్సింది చాలా ఉంది.